సారంగ కారు గేర్‌బాక్సు

ఎల్బీనగర్ కార్ల షోరూములో మేనేజర్ బల్ల మీద శ్రీరామమూర్తి అరచేత్తో గట్టిగా కొట్టాడు. దిల్‌సుఖ్‌నగర్‌లో అందరికంటే ముందు తను మోజుపడి కొన్న సారంగ కారు, గేర్‌బాక్సు పోయి రెండు నెలలుగా వీళ్ల షెడ్డులోనే పడి ఉంది.

"ఏం చెయ్యమంటారు సార్? తెలంగాణ బంద్‌లు. పార్టులు తెచ్చే లారీలు కదలట్లేదు," అన్నాడు మేనేజర్.

పక్క కుర్చీలో జై తెలంగాణ బ్యాడ్జీ పెట్టుకున్న నగేశ్ కూర్చుని ఉన్నాడు. అతనిదీ సారంగే, అదీ షెడ్డులోనే. శ్రీరామమూర్తి అతని మీద విరుచుకుపడ్డాడు.

"అంతా మీ బంద్‌ల పుణ్యమేనయ్యా!"

"నా బండిని నేనే ఆపుకుంటనా సార్?"

అంతలో బయట హారన్ మోగింది. కొత్త మోడల్ కార్లు మోసుకుని ఓ పెద్ద లారీ గేటు ముందుకొచ్చింది.

శ్రీరామమూర్తికి ఒళ్లు మండిపోయింది. "వీటికి లేదా బంద్?" అంటూ మేనేజర్ కాలర్ పట్టుకున్నాడు.

నిజం బయటికొచ్చింది. సారంగ అమ్ముడుపోవట్లేదని కంపెనీ ఏడాదిన్నరకే దాన్ని ఆపేసింది. పార్టులు చెయ్యడమూ మానేసింది.

"ఎవరడిగినా బంద్ అని చెప్పమన్నారు సార్," గొణిగాడు మేనేజర్.

"మా లొల్లిని నీ దొంగతనానికి అడ్డం పెట్టుకుంటవురా?" నగేశ్ విసురుగా బయటికెళ్లి లారీ ముందు బైఠాయించాడు.

రాస్తారోకో అంటేనే చిరాకుపడే శ్రీరామమూర్తి ప్యాంటు పైకి లాక్కుని అతని పక్కన చతికిలబడ్డాడు.

"గేర్‌బాక్సు ఇస్తారో, కారు డబ్బే వెనక్కిస్తారో తేలాలి. అప్పటిదాకా ఈ లారీ లోపలికి పోదు!"

"గట్ల మూలకు గాదు సార్," అన్నాడు నగేశ్. "టైరు ముంగట కూసోండి. లేకుంటే లారీని పక్కనుంచి పోనిస్తరు."