కంపెనీ కుట్టు

సీట్ల మేస్త్రికి మనుషుల మొహాలు గుర్తుండవు. వాళ్ళు కూర్చున్న సీటు చూపిస్తే మాత్రం బరువెంత, ఏ వైపు ఒరిగి కూర్చుంటాడు, వెనక జేబులో పర్సు పెట్టుకునే రకమా కాదా, అన్నీ చెప్పేస్తాడు. ముప్ఫై ఏళ్ళుగా సోఫాలకీ బస్సులకీ కార్లకీ సీట్లు కుడుతున్నాడు. లోకం అతనికి వెనకవైపు నుంచే పరిచయం. ముందువైపు నుంచి చూసినవాళ్ళు ఏం బాగుపడ్డారు గనక అంటాడు.

అతని భార్య ఇంటింటికీ తిరిగే నర్సు. మంచాన పడ్డవాళ్ళకి కట్లు మార్చడం, సూదులు వేయడం ఆవిడ పని. వీధంతా నర్సమ్మ అంటారు. ఇన్నాళ్ళూ ఆసుపత్రి వ్యాను తిప్పేది. ఈ నెల ఆసుపత్రివాళ్ళు ఒక కాగితం చేతిలో పెట్టారు. వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి వ్యాను ఉండదు. ఊరి బయటి ఇళ్ళన్నీ సొంత బండి ఉన్న నర్సులకే. మొదటి ఇంట్లో పొద్దున్న ఆరింటికల్లా సూది పడాలి. రెండుసార్లు ఆలస్యమైతే ఆ ఇళ్ళు ఇంకొకరికి వెళ్ళిపోతాయి. ఆ కాగితం కింద సంతకం పెట్టినవాడికి కారూ, కారుకి డ్రైవరూ ఉన్నారని వేరే చెప్పనక్కర్లేదు.

కొత్త కారు మాట ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. ఉన్న డబ్బుకి వచ్చేది బాగా తిరిగిన బండే.

"తిరిగితే తిరగనివ్వండి," అంది నర్సమ్మ. "రోజూ పొద్దున్నే లేవాలి, అంతే. నేను లేవడం లేదూ?"

బండి కొంటున్నారని చెవిన పడగానే పిలవకుండానే దిగాడు ఆవిడ అన్నయ్య. తాళాల గుత్తికి వేలెడంత స్పానరు వేలాడేసుకుని తిరుగుతాడు కాబట్టి చుట్టాలందరికీ అతను స్పానర్ బావ. ఆ స్పానరుతో ఇంతవరకూ ఒక్క బోల్టు విప్పిన దాఖలా లేదు, చెవి గోక్కోవడానికి మాత్రం బాగా పనికొచ్చింది. ఇప్పటికి నాలుగు పాత కార్లు కొన్నాడు. నాలుగింటినీ దారినపోయేవాళ్ళ చేత తోయించుకున్నాడు. "నాలుగు బండ్లు చూసినవాణ్ణి" అంటాడు గొంతు సవరించుకుని. అవి అతణ్ణి ఎలా చూశాయో చెప్పడు. అయినా చుట్టాల్లో ఎవరు బండి కొన్నా తీర్పు అతనిదే. ఒకసారి పెద్దరికం అంటుకుంటే జిడ్డులాగే అంత తొందరగా వదలదు.

ముగ్గురూ కలిసి ఊరి చివరనున్న పాత కార్ల యార్డుకి వెళ్ళారు. రేకుల షెడ్డు, ముందు కంకర పరిచిన జాగా, అందులో ఫోటోకి నిలబెట్టిన బడిపిల్లల్లా వరసగా కార్లు. యార్డు ఓనరు ఎదురొచ్చి ఆవిణ్ణి అక్కని చేసేశాడు, మిగతా ఇద్దర్నీ అన్నల్ని చేసేశాడు. అతను వరస కలిపేది వయసు చూసి కాదు, పర్సు చూసి.

వాళ్ళ డబ్బుకి అందేవి రెండే ఉన్నాయి. ఒకటి తెల్లది. రంగు వెలిసిపోయి, డ్రైవరు సీటు చిరిగి స్పాంజి బయటికి చూస్తోంది. మీటరు మీద రెండు లక్షల అరవై వేల కిలోమీటర్లు. మందుల కంపెనీ మనిషి ఒకాయన ఊళ్ళు తిరిగిన బండి అట. డాష్‌బోర్డులో రిపేరు బిల్లుల కట్ట ఉంది. రెండోది నీలంది. అద్దంలా మెరిసిపోతోంది. మీటరు మీద అరవై ఒక్క వేలు.

"కళ్ళ డాక్టరుగారి బండి అక్కా ఇది," అన్నాడు ఓనరు నీలంది తడుముతూ. "ఆరేళ్ళ నుంచి ఆయనదే. ఆదివారం తప్ప బయటికి తీసేవాడు కాదు."

"ఒక్క ఆదివారాలే తిరిగితే అరవై వేలా? అంత దూరం ఎక్కడికి పోయేవాడు బాబూ?"

"చుట్టాలెక్కువ అక్కా ఆయనకి."

స్పానర్ బావ పరీక్ష మొదలెట్టాడు. నీలం బండి నాలుగు చక్రాలనీ తలా ఒక తన్ను తన్నాడు. ఇంజన్ వేయించి, బానెట్టు మీద చెవి ఆనించి కళ్ళు మూసుకున్నాడు. చాలాసేపు అలాగే ఉండిపోయాడు. నిద్రపోయాడేమోనని ఓనరుకి అనుమానం వచ్చింది.

"పాడుతోంది," అన్నాడు చివరికి కళ్ళు తెరిచి.

"మరి తెల్లది, అన్నయ్యా?"

"దాని మీటరు చూశావా? ఆ అంకెకి భూమి చుట్టూ ఆరుసార్లు తిరిగి రావొచ్చు. ఇక అది పోయేది పాతసామాను కొట్టుకే."

"ఆరుసార్లు తిరిగి వచ్చింది కదా. మధ్యలో ఆగిపోలేదు కదా."

"చెల్లీ, నువ్వు సూదులు చూసుకో. బండ్లు నాకొదిలెయ్."

ఈలోగా మేస్త్రి నీలం బండిలో డ్రైవరు సీటు మీద కూర్చున్నాడు. అలవాటు ప్రకారం చెయ్యి దానంతటదే తొడ కిందికి, కుట్టు ముగిసే చోటికి పోయింది. అక్కడ వేలికి ముడి తగిలింది. మూడు కుట్లు వెనక్కొచ్చి, సూదిని పక్కకి తిప్పి, దారం కొసని లోపలికి పాతేసిన ముడి. ఊళ్ళో ఆ ముడి వేసేవాడు ఒక్కడే. ఆ ఒక్కడూ ఇప్పుడు దాని మీదే కూర్చుని ఉన్నాడు.

రెండు నెలల కిందట ఒక బ్రోకరు రెండు ముందు సీట్లు ట్రాలీలో వేసుకుని కొట్టుకి తెచ్చాడు. బండి లేదు, ఉత్త సీట్లే. డ్రైవరు సీటు రోలులా గుంటపడి ఉంది. ఎక్కి దిగే వైపు అంచు అరిగిపోయి లోపలి ఇనుము కనిపిస్తోంది. ఏ బండివి అని అడిగితే, "సీట్లకి బండితో పనేంటి మేస్త్రీ, కుట్టు," అన్నాడు బ్రోకరు. మేస్త్రి కుట్టాడు. ఏ బండివైతేనేం, అది మాత్రం కనీసం మూడు లక్షలు తిరిగిందని అప్పుడే అనుకున్నాడు.

చెప్పేద్దామని నోరు తెరిచాడు.

"ఆ కుట్టు చూడన్నా," అన్నాడు ఓనరు కిటికీలోంచి వంగి. "కంపెనీ కుట్టు. చెయ్యి పెట్టి చూడు. ఇంత సాపుగా బయట ఎవడూ కుట్టలేడు."

మేస్త్రి నోరు మూతపడింది.

స్పానర్ బావ అటువైపు నుంచి తల దూర్చి సీటు నిమిరాడు. "ఏమీ అనుకోకు బావా. మన దగ్గర ఎవడికి చేతనవుతుంది ఇది? దీనికి మిషన్లే వేరు."

ముప్ఫై ఏళ్ళుగా కుట్టు చూసి ఒక్క మంచిమాట అన్నవాడు లేడు. ఆలస్యమైందని అన్నారు, రంగు దిగిందని అన్నారు, మిగిలిన గుడ్డ ఏదని అడిగారు. ఇవాళ ఒక మోసగాడూ ఒక వెర్రివాడూ పోటీలుపడి పొగుడుతున్నారు. పొగుడుతున్నప్పుడు పొగిడేవాడి యోగ్యత ఆరా తీసే ఓపిక ఎవరికుంటుంది. మేస్త్రికి లోపల ఎక్కడో చక్కిలిగింత పెట్టినట్టయింది.

"ఆ మూల దగ్గర చూడండి," అన్నాడు మెల్లగా. "అసలు కష్టం అక్కడ."

ఇద్దరూ మూల చూశారు. అబ్బో అన్నారు.

"అడుగున పట్టీ కూడా," అన్నాడు.

పట్టీ కూడా చూశారు. కంపెనీ కంపెనీయే అన్నాడు స్పానర్ బావ. మేస్త్రి తనకి సంబంధం లేనట్టు కిటికీలోంచి బయటికి చూశాడు గానీ చెవులు మాత్రం లోపలే ఉన్నాయి.

బయట నర్సమ్మ నీలం బానెట్టు మీద, జ్వరం చూసినట్టు, అరచెయ్యి వేసింది. "మా అన్నయ్య ఇంజన్ వేయించింది రెండు నిమిషాలే. ఒళ్ళు ఇంత కాలిపోతోందేం? మేం రాకముందు తిప్పావా?"

"ఎండ అక్కా."

ఆవిడ వెళ్ళి తెల్లదాని మీద చెయ్యి వేసింది. "ఇదీ ఎండలోనే ఉంది. ఇంత వేడి లేదే."

ఓనరు ఎండ వంక చూశాడు, తప్పు దానిదే అన్నట్టు.

"లేపి, నడిపించి, మొహం కడిగి కూర్చోబెట్టిన రోగిని చూసి బాగుందని నేను రాయను," అంది. తెల్లదాని బిల్లులు తీసి నిలబడే చదివింది. ఆయిలు ఎప్పుడు మార్చారు, బెల్టు ఎప్పుడు, క్లచ్చి ఎప్పుడు, తారీఖులతో సహా ఉన్నాయి. "దీనికి జబ్బులు చేశాయి, వైద్యం కూడా జరిగింది. నీలందాని కాగితాలేవి?"

"డాక్టరుగారింట్లో ఉన్నాయి. పంపిస్తానన్నారు."

"చెల్లీ, కాగితాల మీద ఎక్కి పోతావా?" అన్నాడు స్పానర్ బావ. "అడ్వాన్సు ఇచ్చెయ్. ఇలాంటిది సాయంత్రానికి ఉండదు."

నర్సమ్మ భర్త వైపు తిరిగింది. "మీరు చెప్పండి. ఇంజన్ సంగతి నాకు తెలీదు, అన్నయ్యకీ తెలీదు." అన్నయ్య దగ్గాడు. "సీటు సంగతి మీకు తెలుసు. ఇది అరవై వేలు కూర్చున్న సీటేనా?"

"కుట్టు మాత్రం బాగుంది," అన్నాడు మేస్త్రి.

"కుట్టు సంగతి అడగలేదు. ఆరింటికి చివరి కాలనీలో, నా మొదటి ఇంట్లో, ఒక ముసలాయన సూది కోసం చొక్కా చెయ్యి పైకి మడిచి కూర్చుని ఉంటాడు. రోజూ అక్కడిదాకా నన్ను తీసుకెళ్తుందా ఇది? అది చెప్పండి."

మేస్త్రి సీటు మీద ఇంకోసారి చెయ్యి వేశాడు. ఒక్క నిమిషం ఊరుకుంటే ఈ కుట్టు ఎప్పటికీ కంపెనీదే. నోరు విప్పితే మేస్త్రిది.

"ఈ కుట్టు నాది," అన్నాడు.

ఎవరూ ఉలిక్కిపడలేదు. స్పానర్ బావ నవ్వాడు. "ఊరుకో బావా. నీ కుట్టు నాకు తెలీదా? మా సోఫాకి వేసిందేగా, చూస్తూనే ఉన్నాను."

ఓనరూ నవ్వాడు, పళ్ళతో మాత్రమే.

దొంగ మీటరు బండి అంటగడుతున్నందుకు రాని కోపం, తన కుట్టు తనది కాదన్నందుకు వచ్చింది మేస్త్రికి. జేబులోంచి బ్లేడు తీశాడు.

"అన్నా, కోస్తే సీటు నువ్వే బాగుచేసి ఇవ్వాలి," అన్నాడు ఓనరు.

"ఇస్తాను. ముందు లోపలేముందో వినండి. గుంట పూడ్చడానికి ఎర్రపూల గుడ్డ మడతలు పెట్టి పరిచాను. దాని కింద స్పాంజి పిండి అయిపోయి ఉంది."

తన ముప్ఫై ఏళ్ళలోకెల్లా బాగా వచ్చిన కుట్టుని జానెడు మేర కోశాడు. రెగ్జిను విచ్చుకుంది. లోపలి నుంచి ఎర్రపూలు బయటికొచ్చాయి.

స్పానర్ బావ వంగి ఆ పూలని వేలితో తడిమాడు. "ఇది మా పాత సోఫా గుడ్డలా ఉందే."

"మీదే బావగారూ. కొత్తది వేసినప్పుడు పాతది నా దగ్గరే పారేసి వెళ్ళారుగా." గుడ్డ పైకెత్తి, కింద పొడిపొడిగా రాలుతున్న స్పాంజి చూపించాడు. "ఇంత గుంట పడాలంటే మూడు లక్షలు తిరగాలి. ఆ తిరిగినవాడు తొంభై కిలోలు ఉండాలి."

"నాకు ముందే అనుమానం," అన్నాడు స్పానర్ బావ. "మీరేమంటారో చూద్దామని ఊరుకున్నాను."

ఓనరు మొహంలో సిగ్గు వెతికినా దొరకలేదు. దొరికింది వేరేది. మేస్త్రి భుజం మీద చెయ్యి వేసి పక్కకి తీసుకెళ్ళాడు. "ఆ మేస్త్రివి నువ్వేనా అన్నా? ఇంత పనివాడివి, మధ్యలో బ్రోకరెందుకు? ఇక నుంచి నేరుగా నాకే కుట్టు. నెలకి పది బండ్లు."

మేస్త్రి వెంటనే వద్దనలేదు. ఆ సంగతి అతని వీపు చూసే భార్యకి తెలిసిపోయింది.

"కుట్టించుకో బాబూ," అంది అక్కడి నుంచే. "ఏ సీటు ఎప్పుడు కుట్టారో, లోపలేం పెట్టారో ప్రతి బండి అద్దం మీదా రాసి అంటించు."

ఓనరు భుజం మీది చెయ్యి తీసేశాడు.

"రేపు పొద్దున్న ఐదున్నరకి వస్తాను," అంది నర్సమ్మ. "తెల్లదాన్ని అప్పటిదాకా ఎవరూ ముట్టుకోవద్దు." ఒక అట్టముక్క వెతికి ఇంజన్ కింద పరిచి మరీ వెళ్ళింది.

మర్నాడు వస్తూ బస్సు డిపోలో పనిచేసి మానేసిన ముసలి మెకానిక్కుని వెంటబెట్టుకొచ్చింది. ఆయన మోకాలికి కట్టు మార్చేది ఆవిడే. తెల్లదాని బానెట్టు మంచులా ఉంది. తాళం తిప్పితే ఒకసారి మూలిగింది, రెండోసారి దగ్గింది, మూడోసారి లేచి కూర్చుంది. సైలెన్సరు లోంచి కాస్త పొగ వచ్చి ఆగిపోయింది. అట్టముక్క మీద రెండు చుక్కల ఆయిలు ఉంది. స్పానర్ బావ ఆ చుక్కల్ని వేలెత్తి చూపించాడు.

"కారుతోందంటే లోపల ఆయిలున్నట్టే," అన్నాడు ముసలాయన. "కారనిది చూస్తేనే నాకు భయం."

గంటసేపు తిప్పారు. ఎత్తు ఎక్కించారు, దించారు, బ్రేకులు పట్టి చూశారు, ఆపి మళ్ళీ లేపారు. రెండో గేరు మొరాయిస్తోందన్నాడు ముసలాయన, బండి ఇంకో ఎనభై వేల కిలోమీటర్లు బతుకుతుందన్నాడు, ఆయిలు మాత్రం మర్చిపోవద్దన్నాడు. పది మాటల్లో తేల్చేశాడు. చక్రాల్ని తన్నలేదు. స్పానర్ బావకి ఆయన పరీక్ష ఎందుకో నచ్చలేదు.

సంతకాలయ్యాక ఓనరు కోసిన సీటు గుర్తుచేశాడు. మాటంటే మాటే గనక మేస్త్రి దబ్బనం తీసి నీలం బండిలో మోకాళ్ళ మీద కూర్చున్నాడు. మొదటి మూడు కుట్లూ సాపుగా పడ్డాయి. నాలుగోది వేయబోతూ అద్దంలోంచి బయటికి చూశాడు. తెల్లబండి స్టీరింగు ముందు కూర్చుని ఆవిడ ఇటే చూస్తోంది. ఏమీ అనడం లేదు. అనకపోవడం ఆవిడ పెద్ద సూది.

మేస్త్రి మూడు కుట్లూ ఊడదీశాడు. నీలం రెగ్జిను మీద తెల్ల దారం ఎక్కించి, పంటిగాట్లంత కుట్లు అటొకటి ఇటొకటి వేసుకుంటూ పోయాడు. వంకరగా కుట్టడం అతనికి చేతకాదు. నుదుట చెమట పట్టింది. రేపు ఈ సీటు మీద కూర్చోబోయేవాడెవడైనా, గుడ్డివాడైనా సరే, ఇదేంటని అడిగి తీరాలి.

"ఇదేం పనన్నా?" అన్నాడు ఓనరు వంగి చూసి.

"బయటి పని," అన్నాడు మేస్త్రి దారం కొరుకుతూ. "కంపెనీవాళ్ళంత సాపుగా మాకెక్కడ వస్తుంది?"

ఒకటో తారీఖున తెల్లారకముందే నర్సమ్మ బయల్దేరింది. బండి మూడో తిప్పుకి లేచింది. ఆ చప్పుడు వీధి మలుపు తిరిగేదాకా మేస్త్రి గుమ్మంలోనే నిలబడ్డాడు. ఆ తర్వాత ఫోను ముందు పెట్టుకుని కూర్చున్నాడు. ఆరు దాటి ఐదు నిమిషాలకి మోగింది.

"వేసేశాను సూది. అప్పటికి ఆరు కావడానికి ఇంకా ఐదు నిమిషాలుంది కూడా."

"బండి?"

"బాగానే ఉంది. సీటే, ఇనుము గుచ్చుకుంటోంది."

"సాయంత్రం కొట్టు ముందు ఆపు. కొత్త స్పాంజి వేసి కుట్టేస్తాను. ఇది మన బండి, వేరే లెక్క."

"వద్దు," అంది. "మీరు కుడితే కొత్తదే అనుకుని ఆయిలు చూడ్డం మానేస్తాను. ఒక దుప్పటి మడిచి ఇవ్వండి, చాలు."

రెండో ఇంటికి టైమవుతోందని పెట్టేసింది. మేస్త్రి బీరువాలోంచి ఒక దుప్పటి తీసి సీటు కొలతకి మడిచాడు. ఒక చివర అంచు ఊడి వేలాడుతోంది. సూదిలో దారం ఎక్కించాడు. కాసేపు చూసి, దారం లాగేసి, సూదిని మళ్ళీ డబ్బాలో పెట్టేశాడు.