సీసాలో ఎరుపు

ఆ ఎరుపును ఎవరు తీసేశారు?

మిమ్మల్నే అడుగుతున్నా. పొయ్యిలో పోసే స్పిరిట్ చేసి అమ్ముకునేవాళ్లని. సీసా మీద ఆకుపచ్చ ఆకు బొమ్మ వేసి, రంగు లేదు కాబట్టి శుభ్రం అని రాసినవాళ్లని. సరే కానివ్వమని ముద్ర గుద్దినవాళ్లని. మీలో ఒక్కరైనా పడవలో వంట చేశారా? ఒక్క పూటైనా?

చేసి ఉంటే ఆ మచ్చ మీకు తెలిసేది.

ఎర్రటి వెలుగు మచ్చ. పొద్దున్నే ఎండ సముద్రం మీద పడి, నీళ్లని తాకి, పైకి ఎగిరి, గుండ్రటి కిటికీలోంచి పడవలోకి వస్తుంది. కిటికీ ముందు స్పిరిట్ సీసా. దాన్ని దాటిన ఎండ ఎర్రబడి కేబిన్ పైకప్పుకి అంటుకుంటుంది. పడవ ఊగుతుంది. ఎరుపు ఊగుతుంది.

అటు... ఇటు...

రాగ్నా ముప్పై ఒక్క వేసవులు ఆ మచ్చని చూస్తూ నిద్ర లేచింది.

నడుం వంచితే గాని నిలబడలేని కేబిన్. రెండు పరుపులు. మధ్యలో మొగుడు ఎవర్ట్ మోకాళ్లు. ఆ మోకాళ్ల ముందు స్పిరిట్ పొయ్యి. వంట ఎప్పుడూ అతనిదే. పడవ నడిపేది రాగ్నా, తిండి పెట్టేది ఎవర్ట్. పెళ్లైన మొదటి వేసవిలోనే అలా కుదిరిపోయింది. ఎందుకని ఎవరూ అడగలేదు.

ఆ పొయ్యికి చప్పుడు లేదు. పొగ లేదు. బుసకొట్టదు. ఎండలో మంట కూడా కనబడదు — కాఫీ గిన్నె మీద గాలి వణుకుతుంది, అంతే. వెలిగిందో లేదో తెలియాలంటే అరచెయ్యి పైన పట్టి చూడాలి. ఎవర్ట్ చెయ్యి పట్టేవాడు, చలి కాచుకుంటున్నవాడిలా. నూనె అయిపోయిన దీపంలా పొయ్యి ఆరిపోతే వెంటనే స్పిరిట్ పోసేవాడు కాదు. మూత పెట్టి ఒక పాట మొత్తం కూనిరాగం తీసేవాడు. పాట అయ్యేసరికి పొయ్యి చల్లారేది. అప్పుడు పోసేవాడు.

"నీ పాటకి చేప పారిపోతుంది."

"చచ్చిన చేప ఎక్కడికి పోతుందే! ఉల్లిపాయ తరుగు."

పక్కనే, కిటికీని ఆనుకుని చెక్క గూడు. గూట్లో రెండు సీసాలు, ఒకే రకం పాత పళ్లరసం సీసాలు. ఎర్రది స్పిరిట్. రంగు లేనిది నీళ్లు. ఎప్పుడైనా గుడ్డ అంటుకుంటే నీళ్లు పొయ్యాలి — స్పిరిట్ మంట నీళ్లకి లొంగుతుంది, అందుకే ఈ ఉత్తరపు చలిదేశం దీవుల్లో పడవ పడవకీ ఈ పొయ్యే. ఎరుపు అంటే నిప్పు. ఎరుపు లేకపోతే నీళ్లు. చదవక్కర్లేదు. తలతిప్పి చూడక్కర్లేదు, కంటి కొసన రంగు చాలు. అది బుర్రలో ఉన్న సంగతి కాదు... చేతిలో ఉన్న సంగతి.

ఆ చేతినే మీరు మోసం చేశారు.

జూన్‌లో కొత్త స్పిరిట్ సీసా కొన్నది రాగ్నా. గూట్లో సీసాలోకి వంచింది రాగ్నా. నీళ్లలా జారింది. ఇదేంటి, రంగు లేదు అనుకుంది. వాసన చూసింది. స్పిరిటే. ఎవర్ట్‌కి చెప్పాలి అనుకుంది.

అప్పుడే గాలం లాగింది. చారల చేప, అరచేతి కన్నా పెద్దది. కేరింతలు. చెప్పాలనుకున్న మాట నీళ్లలోకి జారిపోయింది.

ఆ మధ్యాహ్నమే. ఒక బండదీవి వెనక లంగరు. కొత్త బంగాళాదుంపలు ఉడుకుతున్నాయి, సోయికూర వాసన. ఎండ తెల్లగా, నిండుగా. తుడుచుకునే గుడ్డ కొస పొయ్యి మీదికి వాలింది. మంట కనబడలేదు. గుడ్డ నల్లబడటం కనబడింది — నల్లటి అంచు, మెల్లగా, నడుచుకుంటూ...

ఎవర్ట్ కంగారు పడలేదు. చెయ్యి గూట్లోకి పోయింది. ఎరుపు కాని సీసాని పట్టుకుంది.

పోసింది.

నీలం లేచింది. పగటి వెలుగులో ఉందో లేదో అన్నంత పల్చటి నీలం. అతని చొక్కా చేతి మీదుగా మోచేతి దాకా, పువ్వు విచ్చుకున్నంత మెత్తగా పాకింది. రాగ్నా బకెట్‌తో సముద్రాన్ని తోడి అతని మీద కుమ్మరించింది. ఒకటి. రెండు. మూడు. బంగాళాదుంపలు నేల మీద దొర్లాయి. పడవ ఊగింది.

అటు... ఇటు...

ఇప్పుడు ఆగస్టు. కట్లు విప్పేశారు. కుడిచెయ్యి గులాబీ రంగులో, మెరుస్తూ, ఎవరిదో కొత్త చెయ్యిలా ఉంది. వేళ్లు వంగుతాయి. చెంచా పట్టుకుంటాయి. అగ్గిపెట్టెని మాత్రం ముట్టుకోవు.

పడవ రేవులోనే కట్టి ఉంది. ఎవర్ట్ ఒడ్డున బండ మీద కూర్చుంటాడు. పడవెక్కడు.

"సీసాలో పోసింది నేను," అంటుంది రాగ్నా.

"మంట మీద పోసింది నేను," అంటాడు ఎవర్ట్.

"నీకు చెప్పలేదు నేను."

"వాసన చూడలేదు నేను. చాలా? ఇంకేమైనా మిగిలిందా పంచుకోవడానికి?"

చూడండి. మీ తప్పుని వాళ్లిద్దరూ చెరో సగం ఎలా మోస్తున్నారో చూడండి! ఫిర్యాదు చేస్తే మీరేమో ఉత్తరం రాశారు. సీసా మీద చిన్న అక్షరాల్లో హెచ్చరిక ఉందిట, చదువుకోవాల్సిందిట. మంట లేస్తుంటే అక్షరాలు చదవాలా?

మొన్న రాగ్నా దీవిలో ఉన్న ఒకే ఒక్క అంగడికి వెళ్లింది. మిఠాయిల్లో వేసే ఎర్రరంగు అడిగింది.

అంగడి నడిపే మై-లిస్ కళ్లు పెద్దవి చేసింది. "కేకా? ఎవరి పుట్టినరోజు?"

"కేకు కాదు. స్పిరిట్‌లో కలపాలి."

"నీకేమైనా పిచ్చా?"

"ఉన్న రంగు తీసినవాళ్లకా, లేని రంగు వేసేదానికా?"

మై-లిస్ ఇంకో బుడ్డి తీసి ఊరికే ఇచ్చింది. "మా తమ్ముడి పడవలో సీసాకి కూడా వేసి చూపించు," అంది మెల్లగా.

ఇవాళ పొద్దున రాగ్నా ఒక్కతే పడవెక్కింది. సీసాలో చుక్క వేసింది. ఎరుపు దారంలా దిగింది. మెలికలు తిరిగింది. మబ్బైంది. సీసా అంతా అయింది. కిటికీ ముందు పెట్టి, ఎదురుగా అగ్గిపెట్టె పెట్టింది. ఎవర్ట్‌ని పిలవలేదు.

చాలాసేపటికి పడవ ఒక పక్కకి ఒరిగింది. ఆ బరువు ఆమెకి తెలుసు. ముప్పై ఒక్క వేసవుల బరువు.

ఎవర్ట్ మెట్ల దగ్గరే ఆగాడు. పైకప్పు వైపు చూశాడు.

"ఆ రంగు పొయ్యి వత్తిని పాడుచేస్తుంది," అన్నాడు.

"చేస్తే చెయ్యనీ."

"వత్తి నువ్వే మార్చాలి మరి."

"మారుస్తా. కాఫీ పెట్టు."

పెట్టలేదు. కూర్చున్నాడు. పొయ్యి ముందు, మోకాళ్లు మడిచి. వెలగని పొయ్యి మీద అరచెయ్యి పట్టాడు... ఆ కొత్త చెయ్యి.

ఇక మీరు వినండి. ఇంటింటికీ ఒక ఆడది మిఠాయి రంగు కొనుక్కుని మీ పని చెయ్యాలా? ఉత్తరాలొద్దు. హెచ్చరికలు పెద్ద అక్షరాల్లో వేస్తాం అనొద్దు. ఎరుపు వెనక్కి పెట్టండి. వచ్చే వేసవికి కాదు. ఇప్పుడు. అంగళ్ల అరల్లో ఉన్న రంగులేని సీసాలు ప్రతి ఒక్కటీ వెనక్కి తీసుకుని, ప్రతి సీసాలోనూ.

అక్కడ ఒకడు అగ్గిపెట్టె వైపు చూస్తూ కూర్చున్నాడు. నీళ్లు ఎండని పైకి విసురుతున్నాయి. పైకప్పు మీద ఎరుపు ఊగుతోంది —

అటు...

ఇటు...