కాగునకు గట్టిన తోరము

వైశాఖమాసపు మధ్యాహ్నభానుడు పాలకొండల శిఖరములపై నిప్పులు చెరుగుచు బండలను పెనములవలె కాల్చుచు పక్షుల కూజితముల నుడిగించి గాలిని సైతము కదలనీయక నిలిపియుండెను. ఆ పర్వతపాదమున నున్న చిన్న పల్లెలో రేకుల పంచ క్రింద ఓబులమ్మయు ఆమె కోడలు చౌడేశ్వరియు ఒక ఉక్కుకాగునకు చెరియొక వైపున కూర్చుండి ఒకరినొకరు చూడక కాగునే చూచుచుండిరి.

ఓబులమ్మ వేసవియెల్ల కొండనెక్కి త్రవ్వి తెచ్చిన సుగంధివేళ్లన్నియు షరబతుకొరకు ఆ కాగులోనే యుండెను. సుగంధివేరు మిక్కిలి సుకుమారము. సన్నని సెగపై మెల్లమెల్లగా మ్రగ్గిననే తన పరిమళమును నీటికి విడుచును. కుతకుత నుడికినచో పరిమళము ఆవిరియై పోయి చేదు మాత్రము మిగులును. ఇన్నేండ్లును ఓబులమ్మ కట్టెలపొయ్యి కడ కూర్చుండి వాసనబట్టియే మంట తగ్గించుచుండెను. ఆ పొగయే ఆమె రొమ్మున జేరి ఊపిరిని గొరుకుచుండగా ఇక నొక్క యేడు పొయ్యి యూదినను ప్రాణమునకు ముప్పని వైద్యుడు హెచ్చరించెను. అది విని మోటార్ల చుట్లు చుట్టు కొట్టులో పనిచేయు చౌడేశ్వరి ఈ కాగును సంపాదించి అడుగున రెండు కరెంటు కాయిళ్లను బిగించెను. నీరు తగినంత వేడెక్కగానే ప్రక్కనున్న పెట్టె పెద్దకాయిలు నార్పి చిన్నదానిని మాత్రము నడుపును. ఆ వేడిని పెట్టెకు దెలుపునది కాగు ప్రక్క గొట్టములో దూర్చిన యొక తీగ.

వేళ్లు చెడెనా మరల పొయ్యియే యని అత్త షరతు పెట్టెను. కాగు దిగువరకు నోరు మెదపరాదని కోడలు మాట తీసికొనెను.

పెట్టెపై పెద్దకాయిలు నడుచుచున్నదని తెలుపు ఎర్రదీపము వెలుగుచునే యుండెను. దాని ప్రక్క వేడిని చూపు అంకె నలుబది కడ నిలిచి కదలకుండెను. మూత వణకసాగెను. నీరింకను కాగలేదని చౌడేశ్వరి తన మనసునకు దానే చెప్పుకొనెను. మూత గలగల కొట్టుకొనసాగెను. ఓబులమ్మ ముక్కుపుటము లదరెను. ఆమె ఇచ్చిన మాట తలచి కొంగును నోటికడ్డము పెట్టుకొని కోడలి మొగము వంక చూచి మరల తల దించుకొనెను. ఎర్రదీపము మాత్రము ఆరలేదు.

తుదకు ఓబులమ్మయే మాట తప్పెను.

"అడుగంటుతాండాది మే. నీ పెట్టె ఏం జెప్తాందో గానీ నా ముక్కు మాత్రం ఇంగోటి జెప్తాంది."

చౌడేశ్వరి దిగ్గున లేచి గొట్టము వంక చూచెను. అది ఖాళీ. దానిలో నుండవలసిన తీగ అత్తవైపున కాగు చెవికి చుట్టబడి పసుపుకొమ్ము గట్టిన తోరముతో కుంకుమబొట్టుతో నీడపట్టున వ్రేలాడుచుండెను. తాను స్నానమునకు బోయినవేళ అత్త క్రొత్తకాగునకు పూజచేసి దాని చెయ్యి యనుకొని ఆ తీగను వెలికి లాగి కంకణము గట్టినది. తీగ పాపము పంచలోని యెండవేడిమినే పెట్టెకు నిజాయితీగా చెప్పుచుండెను.

ఆమె ప్లగ్గు లాగివేసి మూత నెత్తెను. ఆవిరి మణికట్టును కాల్చినను లెక్కసేయక కుండెడు చన్నీరు కుమ్మరించి కలియబెట్టెను. అడుగున కొన్నివేళ్లు మాడియుండెను. వానిని ఏరి పారవేసి తోరమును త్రెంపక ముడి విప్పి తీగను గొట్టములో దూర్చి ఆ తోరమును కాగు చెవికే కట్టి మరల కరెంటిచ్చెను. అంకె గంతులిడి పైకెగసెను. ఎర్రదీప మారి పచ్చదీపము వెలిగెను.

"నేను గట్టిందేనా కొంప ముంచింది?" అని ఓబులమ్మ అడిగెను.

"మూత కొట్టుకుంటాంటే వినకుండా అంకెను నమ్మింది నేనత్తా."

ప్రొద్దు వాలువేళకు ఓబులమ్మ గరిటెతో రవంత రసము చల్లార్చి నాలుకపై వేసికొనెను. పొయ్యియా కాగా యన్న తీర్పు ఆ నాలుకపైననే యుండెను.

"కొంచెం చేదుండాది. ఉండనీలే, నేను పొయ్యి మీద మాడబెట్టినవి తక్కువా?"

అని ఆమె లోనికేగి మరియొక తోరము తెచ్చి కాగు కడ వంగి మెల్లగా అడిగెను.

"దీనికి నాడి యాడుండాదో సూపీ మే. ఆడ మాత్రం కట్టను."

చౌడేశ్వరి గొట్టమును చూపెను. ఓబులమ్మ దానిని తాకక నమస్కరించి కోడలి కాలని చేతిని దగ్గరకు దీసికొని ఆ తోరమును దానికి గట్టెను. ఇన్నేండ్లు ఆ యింటి నిప్పును కాచిన ముక్కును, ఆ నిప్పునే క్రొత్తగా కాచు తీగయు నాటినుండి ఒక్క కాగు కడనే కాపు గూర్చుండెను.