ఎడమ మూల

నల్లరాతి నెర్రెలోంచి లేచిన తపసి చెట్టును ఎవరో రంపంతో మొదలంటా కోసి పడేశారు. పండిన ఆకులు కొమ్మల్ని వదల్లేదింకా. రోజారమణి భుజాన ట్రైపాడ్‌తో అలాగే నిలబడిపోయింది.

ఏడాదిగా ఆమె ఎదురుచూసింది ఈ ఉదయం కోసమే. కొరాపుట్ దగ్గరి టౌన్‌షిప్‌లో ఎలక్ట్రికల్ టెక్నీషియన్ ఆమె. సెలవు దొరికితే చాలు, స్కూటరేసుకుని లమ్తపుట్ కొండల్లోకి వచ్చేసేది. చెట్టు పెద్దదేం కాదు, తొడ లావు. బెరడు పొరలు పొరలుగా ఊడి, లేత గులాబీ రంగులో మెరిసే మాను. వెనక తడిసిన నల్లరాయి. చలి ముదిరాక ఆకు పసుపుపచ్చగా పండుతుంది, వారం తిరక్కుండా రాలిపోతుంది.

తంటా అంతా ఎడమవైపు కొమ్మతోనే. ఎడమకు జరిగితే ఆ కొమ్మ మానుకు అడ్డం పడేది. కిందికి వంగితే వెనక నుంచి ఆకాశం దూరేది. పోయినేడు పక్కబండ ఎక్కి, కెమెరాను కాస్త కిందికి వంచి చూసింది. రాతి మీది తెల్లచార ఆగిన చోటే కొమ్మ అందుకుంది. రాయీ చెట్టూ కలిపి ఒకే గీత! కానీ అప్పటికే ఆకు సగం రాలిపోయింది. ఆ ఫోటోను తన గురువు అమర్‌నాథ్‌కు చూపిస్తే, ఆయన చాలాసేపు చూసి "బాగుంది" అని ఫోన్ తిరిగిచ్చేశాడు.

వచ్చే ఆదివారం రాయగడలో ఫోటో క్లబ్బు ప్రదర్శన. మనిషికొక్క ఫోటో, అదీ ఈ ఏడు తీసిందే. రోజారమణి పేరు గోడకెక్కడం ఇదే మొదలు. ఇంకో చెట్టును వెతికి, దాని కోణం పట్టుకోవడానికి వారం ఏ మూలకు?

వెంటనే ఆయనకే ఫోన్ చేసింది. "మాస్టారూ, మన తపసి సెట్టు కోసీసేరు!"

"ఎవరూ?"

"ఏటి తెలుస్తాది? రంపంతో కోసి ఒదిలీసేరు. పట్టుకెళ్ళనైనా లేదు."

అవతల దగ్గు వినిపించింది. "కొండోళ్ళు పొయ్యిలోకి కొట్టీసుంటారమ్మీ. మళ్ళీ వచ్చి పట్టుకెళ్తారు. ఇంకో సెట్టు సూసుకో. అడివిలో సెట్లకి కరువేటి?"

దారిలో కట్టెలమోపుతో ఓ ముసలామె ఎదురైంది. రోజారమణి స్కూటర్ ఆపి మరీ అరిచింది. "మీకు నా సెట్టే దొరికిందేటి?" ఆమెకు ఆ భాష అర్థం కాలేదు. మోపు సర్దుకుని, స్కూటర్ పోవడానికి గట్టు ఎక్కి నిలబడింది.

ఆదివారం రాయగడ హాల్లో రోజారమణి చోటు ఖాళీగా ఉంది. మేకు, దాని కింద పేరు రాసిన అట్టముక్క, అంతే. పక్కనే ఉన్న అమర్‌నాథ్ ఫోటో దగ్గర మాత్రం జనం గుమిగూడారు.

"ఇదెక్కడ తీసేరు, కాశ్మీరమా మాస్టారూ?" క్లబ్బు కార్యదర్శి ప్రసాద్ అడుగుతున్నాడు. "సెప్పండి, రైల్వేలో ఉన్నాను, టికెట్లు నేను సూసుకుంటాను."

"సెప్తే రేపు నాకన్నా ముందు నువ్వే అక్కడుంటావు," అని అమర్‌నాథ్ నవ్వాడు.

రోజారమణి జనం మధ్యలోంచి తొంగిచూసింది. అదే చెట్టు. అదే రాయి. తను బండెక్కి పట్టుకున్న కోణం కూడా అదే. ఎడమ కొమ్మ మాత్రం లేదు. తెల్లచార సగంలో ఆగిపోయి, ఎటు పోవాలో తెలియనట్టుంది.

ప్రసాద్ అవతలికి వెళ్ళేదాకా ఆగి అడిగింది. "ఎప్పుడు తీసేరు మాస్టారూ?"

"అదా... నువ్వెళ్ళడానికి రెండ్రోజులు ముందు. సెప్పడం మర్సిపోయేను."

"కొమ్మేదీ?"

"అడ్డంగా ఉందని కంప్యూటర్లో తీసీసేను."

అడ్డమొచ్చింది తీసెయ్యడం ఆయన పాత పాఠమే. ఇంకో పాఠం కూడా ఉంది. మీట నొక్కేముందు నాలుగు మూలలూ చూడాలి. "మొగం ఎవడైనా సూస్తాడు, నువ్వు మూలలు సూడమ్మీ," అని ఎన్నిసార్లు కసిరాడో. అలవాటుకొద్దీ రోజారమణి కళ్ళు ఫోటో మూలలు వెతికాయి. పైన రెండూ శుభ్రంగా ఉన్నాయి. కింద కుడి మూలా అంతే. కింద ఎడమ మూలలో, నల్లరాతి మీద లేత రంగు పొడి సన్నగా పరుచుకుని ఉంది. చూసేవాళ్ళు రాతిమీది పాచి అనుకుంటారు. కానీ ఏడాదిగా ఆ రాతిని కళ్ళలో పెట్టుకు తిరిగింది తను. ఆ మూలన పాచి లేదు.

ముళ్ళకంపలు అడ్డొస్తే కొయ్యడానికి ఆయన సంచిలో ఎప్పుడూ ఉండే మడత రంపం గుర్తొచ్చింది. కట్టెలమోపు సర్దుకుని గట్టెక్కిన ముసలామె గుర్తొచ్చింది.

"మాస్టారూ, ఎడమ మూల సూసేరా?"

ఆయన కళ్ళజోడు పెట్టుకుని వంగాడు. లేవడానికి చాలాసేపు పట్టింది.

"కంప్యూటర్లో కోస్తే రంపపు పొట్టు రాల్తాదేటి మాస్టారూ?"

అమర్‌నాథ్ ఓసారి ప్రసాద్ వైపు చూశాడు. ఖాళీ మేకు వైపు చూశాడు. తర్వాత గొంతు తగ్గించి చెప్పాడు.

"నేనే కోసేనమ్మీ. ముందు కొమ్మొక్కటే కోసేను. నీ బండ మీదే నిలబడ్డాను, నీలాగే కెమెరా వంచేను. ఆ కొమ్మని తెల్లచారతో కలిపేవు సూడు, అది నాకు కలవలేదు. ఎటు జరిగినా కలవలేదు. నీకు కెమెరా పట్టుకోడం నేర్పింది నేను. ఆ రాయి కాడికి తీసుకెళ్ళింది నేను. ఇన్నేళ్ళూ అడ్డమొచ్చింది తీసీమనే సెప్పేను, నువ్వేమో ఆ అడ్డాన్నే ఫోటో సేసి కూకున్నావు. సరే, కొమ్మ కోసేను, ఫోటో తీసేను, కెమెరా సర్దుకుని లేచేను కూడాను. అప్పుడు గుర్తొచ్చింది, నువ్వొస్తావని. కొమ్మ లేకపోయినా ఏదో ఒకటి సేసి, నాకన్నా బాగా తీస్తావని. ఇక్కడ మన రెండు ఫోటోలూ ఒకే గోడ మీద, పక్కపక్కన... రంపం ఇంకా సంచిలో పెట్టలేదు. మెత్తటి సెట్టమ్మీ. అట్టే సేపు పట్టలేదు."