పదకొండు గుడ్ల సద్దు

కృష్ణప్ప ఒట్టు తప్పలేదు. ఈ మాట ముందే చెప్పేయడం మంచిది, ఎందుకంటే ఆ తర్వాత జరిగినదానికి ఇల్లంతా ఆయన్నే తప్పుపట్టింది. మూడేళ్ళ కిందట ఆయన పెంచిన పుంజు వేళాపాళా లేకుండా కూసి కూసి మేడ మీద అద్దెకున్నవాళ్ళను తరిమేసింది. నైట్ షిఫ్టు చేసి వచ్చి పగలు పడుకొనే ఫ్యాక్టరీ మనుషులు వాళ్ళు. మూకండపల్లిలో అలాంటివాళ్ళకు నిద్ర చెడిందంటే ఇల్లు ఖాళీ అయినట్టే. ఆ రోజు ఆయన భార్య నంజమ్మ ఆయన్ని మునేశ్వరుడి పటం ముందు నిలబెట్టి, ఈ ఇంట్లో ఇంక కోడి కాలు పెట్టదని ఒట్టు వేయించింది.

కాలు పెట్టదన్నాడు కృష్ణప్ప. పెట్టలేదు కూడా. గుడ్డుకు కాళ్ళుండవు గదా!

అత్తిముగంలో ఉన్న అక్క సుబ్బక్క దగ్గర నుంచి పదకొండు నాటుకోడి గుడ్లు తువ్వాలులో చుట్టుకొని తెచ్చి, అటక మీద థర్మకోల్ పెట్టెలో దాచాడు. లోపల ఒక బల్బు. వేడి ఎక్కువైతే బల్బును ఆర్పి, తగ్గితే వెలిగించే చిన్న మిషన్ ఒకటి హోసూరులో పాతసామాన్ల అంగట్లో దొరికింది. పాతది కాబట్టి ఆరినప్పుడూ వెలిగినప్పుడూ 'టక్' మని ఒక నిప్పురవ్వ కొట్టేది. ఇరవై ఒక్క రోజులు ఓపిక పడితే పిల్లలు లేస్తాయి. లేచాక వాటినేం చేయాలో కృష్ణప్ప ఆలోచించలేదు. ఆలోచించేవాడే అయితే పని మొదలుపెట్టేవాడే కాదు. రోజుకు మూడుసార్లు నిచ్చెన వేసుకొని అటకెక్కి గుడ్లు తిప్పేవాడు. ఎందుకెక్కావని అడిగితే పాత గొంగడి వెతుకుతున్నాననేవాడు.

ఆయన ఖర్మ కొద్దీ ఇంటి ఫోను తీగ ఆ అటకను రాసుకుంటూనే పోతుంది. ఆ వీధికి ఇంకా ఫైబర్ రాలేదు. కోడలు సుమకు నెట్ వచ్చినా, రాకపోయినా ఆ పాత తీగలోనే. సుమ బెంగళూరు కంపెనీకి ఇంట్లో కూర్చునే పని చేస్తుంది. మూడు వారాలుగా నెట్ నత్తనడక నడుస్తోంది. మాట్లాడుతుండగానే అవతలివాళ్ళ ముఖాలు తెరిచిన నోళ్ళతో అలాగే నిలిచిపోతున్నాయి. చివరికి పై అధికారి తేల్చి చెప్పేశాడు. గురువారం పదకొండింటికి పెద్ద మీటింగు. ఆ రోజు కూడా లైన్ తెగితే సోమవారం నుంచి ఆఫీసుకే రావాలి. ఆఫీసు బెంగళూరుకు ఆ చివర. రోజూ పోయి రావడం అయ్యే పని కాదు, అక్కడే హాస్టల్లో ఉండాలి. భర్త మంజుకు ఇక్కడ ఫ్యాక్టరీలో షిఫ్టులు.

సోమవారం నాడు లైన్ బాగుచేసే జితేంద్ర వచ్చాడు. మోడెమ్ చూశాడు, తీగ చూశాడు, తర్వాత సంచిలోంచి చిన్న రేడియో తీశాడు. స్టేషన్ ఏదీ రానిచోట ముల్లు నిలిపి గది గదికీ తిరగడం మొదలుపెట్టాడు. బోరు వేసే ముందు అరచేతిలో టెంకాయ పెట్టుకొని నీళ్ళు చూసే మనిషి చేలో నడిచినట్టే నడిచాడు. వంటింట్లో రేడియో 'సుయ్' మంది. హాల్లో 'గుర్' మంది. అటక కిందికి వచ్చేసరికి 'గర్ర్ర్' మని రంకె వేసింది.

గుమ్మడికాయల దొంగ అని ఎవరూ అనకముందే కృష్ణప్ప భుజాలు తడుముకున్నాడు.

"ఆడేమీ లేదప్పా. పాత గొంగడి ఉండాది, అంతే."

"గొంగడికి సద్దు యాడిది తాతా?"

"గొర్రెబొచ్చుది గదా."

జితేంద్ర నిచ్చెన వైపు చూశాడు. ఇంతలో అతని ఫోను మోగింది. ఇంకా ఆరిళ్ళు తిరగాలి అతను. "యాడో కరెంటు నిప్పురవ్వ కొడతా ఉండాది తాతా. ఆ సద్దు ఫోను తీగలోకి దూరతా ఉండాది. అదేదో చూసి ఆపేయండి," అంటూ బయటికి నడిచాడు. గుమ్మంలో ఎదురైన నంజమ్మకు ఆ మాటే పొట్టిగా చెప్పాడు. "మీ ఇంట్లో సద్దు ఎక్కువుండాదమ్మా. అది ఆగితే నెట్ దానంతట అదే వస్తాది."

నంజమ్మకు తెలిసిన సద్దు నోళ్ళదీ గిన్నెలదీ. ఆ సాయంత్రమే చట్టం చేసేసింది. గురువారం పదకొండు నుంచి పన్నెండు దాకా ఇంట్లో మిక్సీ లేదు, టీవీ లేదు, కుక్కరు లేదు, ఎవరూ గొంతెత్తేది లేదు.

"మనం ఇట్లా అరుస్తా ఉంటే, అంత సన్న తీగలోకి ఆ పిల్ల మాట యాడ దూరతాది పాపం?" అంది.

ఆ సద్దు వేరే అని కృష్ణప్ప చెప్పొచ్చు. చెబితే అది ఎక్కడిదని అడుగుతుంది. దొంగకు తేలు కుట్టినట్టు గమ్మునుండిపోయాడు.

బుధవారం సాయంత్రం కృష్ణప్ప సుమ గదిలోకి తొంగి చూస్తే మంచం మీద బ్యాగు తెరిచి ఉంది. సుమ బట్టలు మడుస్తోంది.

"ఏమ్మా, యాడికి?"

"రేపు ఎట్లాగూ లైన్ తెగతాది మామా. ముందే సర్దుకుంటా ఉండాను," అని నవ్వబోయి ఏడ్చేసింది.

కృష్ణప్ప గొర్రెలు కాసిననాటి కథలు పదోసారి కూడా మొదటిసారిలా విని నవ్వేది ఆ ఇంట్లో ఆ పిల్ల ఒక్కతే. నంజమ్మ చూడకుండా కాఫీలో ఇంకో చెంచా చక్కెర వేసేదీ ఆమే. తన సరదా కోసం అలాంటి పిల్లను ఊరు దాటిస్తున్నానని సిగ్గుపడ్డాడు. వెంటనే బల్బు ఆపేద్దామని అటకెక్కాడు. ఒక గుడ్డు తీసి చెవి దగ్గర పెట్టుకుంటే లోపల ఎవరో గోకుతున్నారు. స్విచ్ మీద పెట్టిన వేలు వెనక్కి వచ్చేసింది. కోడలు పోకూడదు, పిల్లలు చావకూడదు. ఆ రాత్రంతా ఆలోచిస్తే ఒకే దారి కనబడింది.

గురువారం పదకొండుకు ఐదు నిమిషాలున్నాయనగా బల్బు ఆర్పేశాడు. పదకొండు గుడ్లనూ తువ్వాలులో సర్ది, పొట్ట మీద పెట్టుకొని, కాళ్ళ నుంచి మెడ దాకా రగ్గు కప్పుకొని మంచం మీద వెల్లకిలా పడుకున్నాడు.

నెట్ పరుగెత్తింది. మూసిన తలుపు వెనక సుమ ఇంగ్లీషు గలగలా పారుతోంది. మునివేళ్ళ మీద నడుచుకుంటూ వచ్చిన నంజమ్మకు పట్టపగలు రగ్గు కింద చెమటలు కక్కుతున్న మొగుడు కనబడ్డాడు. జ్వరమేమోనని గాబరాపడి నుదుటి మీద చెయ్యి పెట్టింది. అప్పుడు ఆయన కడుపు 'కీచ్' మంది.

రగ్గు లాగేసింది నంజమ్మ. చూసింది. నోరు తెరిచింది. తెరిచిన నోటిని రెండు చేతులతో మూసుకుంది. సద్దు చేస్తే కోడలి నెట్ పోతుంది! ఒట్టు, పుంజు, ఖాళీ అయిన మేడ, దొరకని గొంగడి, అన్నీ గొంతు దాకా వచ్చి ఆగిపోయాయి. ముఖం కందగడ్డయింది.

ఆ మీదట ఆమె చేతులతోనే తిట్టింది. మునేశ్వరుడి పటం చూపించింది. తన కాలు ఎత్తి నేల మీద మోపి చూపించింది. కృష్ణప్ప ఒక గుడ్డెత్తి, దీనికి కాళ్ళెక్కడున్నాయి చూడమని వేలు అడ్డంగా ఊపాడు. సరిగ్గా అప్పుడే పెంకు విరిగి ఒక కాలు బయటికొచ్చింది.

నంజమ్మ చీపురు తీసింది. కొడితే చప్పుడవుతుందని కింద పెట్టింది. గిల్లితే చప్పుడుండదు కాబట్టి గిల్లింది, వాటంగా, రెండు చోట్ల. కృష్ణప్ప పెదవి కొరుక్కుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ఈలోగా ఆ కాలు గల ప్రాణి పొరలో చిక్కుకొని తన్నుకుంటోంది. నంజమ్మ పుట్టింది జవళగిరిలో, గొర్రెలూ కోళ్ళూ పెంచిన ఇంట్లో. చూస్తూ ఊరుకోవడం ఆమె చేతికి రాదు. వేలు తడిపి పొర మీద రాసింది, పెంకు మెల్లగా ఒలిచింది, తడిపిల్లను అరచేతిలోకి తీసుకొని కొంగు కప్పింది. కోపం ఎక్కడికీ పోలేదు గానీ, కూర్చోవడానికి మంచం మీద చోటు వెతుక్కుంది. నలభై నిమిషాలు ఆలుమగలిద్దరూ పక్కపక్కన మాటా పలుకూ లేకుండా గడిపారు. పెళ్ళయ్యాక అంతసేపు పోట్లాడుకోకుండా ఉండటం అదే మొదలు.

పన్నెండుకు తలుపు తెరుచుకుంది. "అత్తా, ఒక్కసారి కూడా తెగలేదు! ఇంట్లోనే చేసుకోమన్నారు!" అని ఎగురుకుంటూ వచ్చిన సుమ, మంచం చూసి నిలబడిపోయింది.

"చూసినావా, నోరు మూసుకుంటే నెట్ ఎట్లా వచ్చిందో!" అంది నంజమ్మ గర్వంగా. "ఇంకో మీటింగు ఎప్పుడుండాది?"

"రెండింటికి అత్తా."

మిగిలిన పది గుడ్ల కోసం బల్బు వేద్దామని లేవబోయిన కృష్ణప్ప ఆ మాట విని ఆగిపోయాడు. అబద్ధం ఇంక మింగుడు పడలేదు.

"సద్దు మన నోళ్ళలో లేదే నంజమ్మా. అటక మీద బల్బులో ఉండాది. నేనే పెట్టినాను. దాన్ని ఏస్తే మళ్ళీ ఈ పిల్ల లైన్ తెగతాది."

నంజమ్మ ఇప్పుడు అరవొచ్చు, అడ్డం లేదు. అరవలేదు. చేతిలోని పిల్లను తెచ్చి ఆయన పొట్ట మీద గుడ్ల మధ్య పెట్టి, రగ్గు మెడ దాకా లాగింది.

"అయితే ఆ బల్బు ఎలగదు. పండుకో."

"ఎంతసేపే?"

"పదీ లేచేదాకా."

"ఒంటికి పోవాలే!"

"పొదిగే కోడి దినానికి ఒక్కసారే లేస్తాది," అంది నంజమ్మ. "నువ్వు పొద్దున్నే లేచినావు."