తారాజువ్వ పక్క కుర్చీ

బట్టలు ఆరేసి ఖాళీ బకెట్టుతో లోపలికొచ్చిన ఆమెకి కుళాయి చప్పుడు వినిపించింది. పాపకి స్నానం నేను చేయిస్తానని ఎత్తుకెళ్లిన భర్త, హాల్లో సోఫా మీద కాళ్లు బార్లా చాపుకుని టీవీలో ఎవరిదో ఫుట్‌బాల్ మ్యాచి చూస్తున్నాడు.

"బుజ్జిది ఏదండీ?"

"నీ దగ్గరే కదా ఉంది," అన్నాడు, తల తిప్పకుండా.

చేతిలో బకెట్టు ఎక్కడ పడేసిందో తెలీదు. స్నానాలగదిలో టబ్బు నిండిపోతోంది. నీళ్లు పాప గడ్డం దాకా వచ్చేశాయి. పాప అంచుని రెండు చేతులా పట్టుకుని, ముక్కు దగ్గర తేలుతున్న రబ్బరు బాతుని చూసి కిలకిలా నవ్వుతోంది. ఆ నవ్వుకే ఆమె ఒళ్లు చల్లబడిపోయింది. ఏడ్చినా బాగుండును, ఎవరికైనా వినిపించేది.

తడి పాపని గుండెలకి అదుముకుని గోడకి చేరబడింది. అతను గుమ్మంలోకొచ్చాడు.

"అదేంటి, తుడవకుండా ఎత్తుకున్నావు? జలుబు చెయ్యదూ?" అంటూ తువ్వాలు తీసుకుని పాప తల తుడిచాడు, ఎంతో మెత్తగా.

ఆ మొహంలో అబద్ధం లేదు. తప్పు చేసిన బెదురు లేదు. అబద్ధమే ఆడితే పోట్లాడి ఉండేది. ఏమీ గుర్తులేని మనిషితో ఏమని పోట్లాడుతుంది?

అతన్ని జనం తారాజువ్వ అంటారు. కాలికి బంతి అందితే చాలు, అవతలివాళ్లు కళ్లు మూసి తెరిచేలోగా గోల్ దగ్గరుంటాడు. పాత క్లబ్బుతో ఒప్పందం అయిపోయింది. ఇప్పుడు ఫ్రీ ఏజెంటు. ఎవరికీ కట్టుబడి లేడు, అడిగినంత ఇచ్చేవాళ్లు ఎవరైనా పట్టుకుపోవచ్చు. లీగు పట్టికలో అట్టడుగున పడి కొట్టుకుంటున్న ఈ ఊరి క్లబ్బు అతని మీద కన్నేసింది.

అప్పట్నుంచి ఊరికి వేరే మాట లేదు. మంగలి షాపులో అదే, బస్సులో అదే. అంత పోసి ముప్పై దాటినవాణ్ణి తెస్తారా అని కొందరు, వాడొస్తే గేటు దగ్గర తొక్కిసలాటే అని కొందరు. ఆమె పాపకి డైపర్లు కొనడానికి వెళితే కొట్టతను చిల్లర ఇవ్వడం మానేసి అడిగాడు.

"ఏమ్మా, మావాళ్లు మీ ఆయన్ని తీసుకుంటున్నారా లేదా? మా ఇంట్లో రెండు పార్టీలైపోయాం. నేనూ మా ఆవిడా మాటల్లేవు."

"మాటల్లేకపోతే హాయే కదన్నా," అంది ఆమె నవ్వుతూ. బయటికొచ్చాక ఆ నవ్వు ఎంత తేలిగ్గా వచ్చిందో తలుచుకుని తనకే భయమేసింది. తీసుకోకూడదు, తీసుకోకూడదు అని మనసులో రామకోటి రాసినట్టు రాసుకుంటోంది తను. మొగుడికి పని దొరక్కూడదని మొక్కుకునే పెళ్లాం లోకంలో ఇంకెవరైనా ఉంటుందా?

పోయిన సీజన్లో గాల్లోకి ఎగిరి బంతిని తలతో కొట్టబోయి, ఎదుటి ఆటగాడి తలకి తల గుద్దుకుని పడ్డాడు. ఆ చప్పుడు పై వరసలో కూర్చున్న ఆమెకి అప్పుడు వినపడలేదు. ఇప్పుడు వినపడుతుంటుంది, గిన్నెలు కడుగుతున్నప్పుడు కూడా. అతను లేచాడు, మొహం కడుక్కున్నాడు, గోలు కూడా కొట్టాడు. మర్నాడు పేపర్లన్నీ సింహం అన్నాయి. ఆ సింహం ఇంటికొచ్చి, ఎంగిలి చెయ్యి ఆరకముందే, "మనం అన్నం తిన్నామా?" అని అడిగింది.

తర్వాత మెల్లమెల్లగా పేర్లు జారిపోవడం మొదలైంది. మనుషులు గుర్తుంటారు, వాళ్లెవరో నోటికి రాదు. ఎదురుగా ఎవరైనా వస్తుంటే అతని మొహంలో వెతుకులాట కనిపించేది, చీకట్లో స్విచ్చి కోసం గోడంతా తడుముకున్నట్టు. అది చూడలేక ఆమె ఒక ఉపాయం పట్టింది. వచ్చే మనిషి దగ్గరికి రాకముందే గట్టిగా పలకరించేది. "అబ్బ, మేనేజరుగారూ! మోకాలు ఎలా ఉంది? మీ అమ్మాయి హాస్టల్నుంచి వచ్చిందా?" అంతే, అతనికి దారి దొరికేది. "ఏం మేనేజరుగారూ," అంటూ చెయ్యి చాపేవాడు. ఎక్కడికెళ్లినా ఆమె కుర్చీ అతని పక్కనే.

నోట్లో నాలుక లేదని పుట్టింట్లో పేరు మోసిన పిల్ల ఆమె. ఇప్పుడేమో జనం, "ఎంత కలుపుగోలు మనిషో, వసపిట్టలా మాట్లాడుతుంది!" అని మెచ్చుకుంటున్నారు. ఆ మెప్పు విన్నప్పుడల్లా అతను విన్నాడేమోనని పక్కకి చూసేది.

క్లబ్బువాళ్లతో మాటలకి వెళ్లాల్సిన రోజు పొద్దున్నే బావగారు దిగాడు. భర్తకి అన్న, ఆట వ్యవహారాలన్నీ చూసేది ఆయనే.

"అమ్మాయ్, నువ్వూ రావాలి. పాపని కూడా తీసుకురా, ఇల్లూ వాకిలీ ఉన్న మనిషిలా కనిపిస్తాడు. నీ కుర్చీ వాడి పక్కనే వేయించమన్నాను."

పాపకి చొక్కా తొడుగుతున్న ఆమె చేతులు ఆగిపోయాయి.

"నా కుర్చీ ఎందుకు బావగారూ?"

ఆయన స్నానాలగది వైపు చూశాడు. లోపల తమ్ముడు గడ్డం గీసుకుంటూ ఈల వేస్తున్నాడు. ఆయన గొంతు తగ్గించాడు. "నాకు తెలీదనుకున్నావా? నువ్వు ముందు అరవడం, వాడు వెనక అందుకోవడం. బ్రహ్మాండంగా నడిపిస్తున్నావు. ఒక్క సీజనమ్మా. తర్వాత నువ్వెలా అంటే అలా."

ఎవరికీ తెలీదని గుండెల్లో దాచుకున్న దాన్ని ఈయన ఎప్పట్నుంచో చూస్తూ, లెక్కలో వేసుకుంటూ ఉన్నాడన్నమాట.

"తలకి ఇంకో దెబ్బ తగిలితే?"

"తగలదు."

"మీరు గ్రౌండులోకొచ్చి చెయ్యి అడ్డం పెడతారా?"

"పెద్ద డాక్టరమ్మవి వచ్చావు! ఇంట్లో కూర్చుంటే మాత్రం తల బాగైపోతుందా? వాడికి తెలిసింది ఆటొక్కటే. అది కూడా లేదంటే వాడేమైపోతాడో ఆలోచించావా?"

అది నిజం కూడా కావచ్చు. టబ్బు సంగతి నాలుక చివరిదాకా వచ్చింది. చెబితే తండ్రి చేతికి బిడ్డనివ్వకూడదంటారు, ఊరంతా తెలుస్తుంది, అతనికీ తెలుస్తుంది. మింగేసింది.

క్లబ్బు ఆఫీసు స్టేడియం మెట్ల కిందే ఉంది. కిటికీలోంచి గ్రౌండు పచ్చగా కనిపిస్తోంది, ఒక ముసలాయన పైపుతో నీళ్లు పడుతున్నాడు. పొడుగాటి బల్లకి అటువైపు ముగ్గురు. మధ్యలో అధ్యక్షుడు, భారీ మనిషి, సంతకానికి కలం సిద్ధంగా పెట్టుకున్నాడు. ఆయనకి కుడివైపు కోచ్, ఎండకి కమిలిపోయిన మొహం. చివర్న కళ్లజోడు పెట్టుకున్న కుర్ర డాక్టరు. ఇవతల బావగారు, భర్త, అతని పక్కన ఆమె. ఒళ్లో పాప బిస్కెట్టు చీకుతోంది.

కోచ్ నాన్చలేదు.

"నా మాట మొహం మీదే చెబుతాను, ఏమనుకోకు తమ్ముడూ. నీ ఆటంటే నాకు ప్రాణం. కానీ నీకిచ్చే దాంతో నాకు ముగ్గురు కుర్రాళ్లు వస్తారు. వెనక గోడ కూలిపోతోంది నాకు. ముందు దీపం పెట్టుకుని ఏం చేసుకోను?"

"జనం గోడ చూడ్డానికి రారయ్యా, దీపం చూడ్డానికే వస్తారు," అన్నాడు అధ్యక్షుడు. "స్టేడియంలో సగం కుర్చీల మీద పిట్టలు కూర్చుంటున్నాయి. ఏం డాక్టరూ, గుర్రం కాళ్లు గట్టివేనా?"

"మోకాళ్లు బాగున్నాయి సార్. గుండె కుర్రాడిలా ఉంది. పోయిన సీజన్లో తలకి తగిలిన దెబ్బ ఇబ్బందేమైనా పెడుతోందా అని అడిగాను, లేదని వీళ్ల అన్నగారు చెప్పారు."

బావగారు తలూపాడు. పాప చేతిలోంచి బిస్కెట్టు ముక్క జారి కింద పడింది. వంగి తీసుకోవడానికి ఆమెకి చాలాసేపు పట్టింది.

కోచ్ గోడకున్న బోర్డు మీద అయస్కాంతపు బిళ్లలు అమర్చాడు. పసుపువి తమవి, నల్లవి అవతలివాళ్లవి. "మూలనుంచి బంతి వస్తోంది. నువ్వెక్కడ?"

భర్త లేచాడు. నిమిషం ఆలోచించలేదు. తొమ్మిది అని రాసిన బిళ్లని వెనక్కి లాగాడు, రెండు నల్ల బిళ్లలు దాని వెంట పడేలా జరిపాడు, ఖాళీ అయిన చోటులోకి వేరే బిళ్లని తోశాడు. "నేను బంతి కోసం రాను. నా వెనక వీళ్లు రావడం కోసం వస్తాను. గోలు ఆ కుర్రాడు కొడతాడు."

కోచ్ బోర్డు వంక చూస్తూ ఉండిపోయాడు. మెల్లగా నవ్వాడు. "ముగ్గురు కుర్రాళ్ల పని వీడొక్కడే చేసేలా ఉన్నాడు సార్."

అయిపోయింది. ఇక అడ్డు చెప్పేవాడు లేడు. గ్రౌండులో ముసలాయన పడుతున్న నీళ్ల చప్పుడు కుళాయి చప్పుడులా వినిపిస్తోంది ఆమెకి. భర్త వెలిగిపోతూ వచ్చి కూర్చుని, బల్ల కింద ఆమె చెయ్యి నొక్కాడు. ఇంత సంతోషంగా అతన్ని చూసి ఎన్నాళ్లయిందో. ఈ మొహం మీదనుంచి ఈ వెలుగు నేను తీసెయ్యగలనా, అనుకుంది.

అధ్యక్షుడు కలం మూత తీశాడు. మనసు తేలికపడి పాపకేసి చిటికెలు వేశాడు.

"ఏమే బంగారూ, మా క్లబ్బుకొస్తావా? నీ పేరేంటే? ఏం పేరు పెట్టావయ్యా నీ కూతురికి?"

"బుజ్జి అంటామండి," అన్నాడు భర్త.

"బుజ్జి ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. అసలు పేరు?"

భర్త నవ్వుతూనే నోరు తెరిచాడు. నవ్వు అలాగే ఉంది, కళ్లు మాత్రం గోడ తడుముకోవడం మొదలుపెట్టాయి. తర్వాత, ఎప్పుడూ చేసేదే, ఏ అనుమానం లేకుండా ఆమె వైపు తిరిగాడు.

పేరు ఆమె నాలుక మీదే ఉంది. పాప తల నిమురుతూ ఆ పేరుతో ఒక్కసారి పిలిస్తే చాలు, ఎవరికీ ఏమీ తెలీదు. కలం కాగితం మీద ఆనుతుంది. ఇంకో సీజను, ఇంకో ఎగురు, ఇంకో చప్పుడు. తర్వాత పాప ఎవరో కూడా తనే అందించాలి. ఆ తర్వాత తనెవరో ఎవరు అందిస్తారు?

ఆమె పెదాలు బిగించుకుంది.

భర్త ఆమెనే చూస్తున్నాడు. అడుగుతున్నట్టు, తర్వాత బతిమాలుతున్నట్టు.

"అదేనండీ, పాప పేరు..." అని బావగారు అందుకోబోయాడు.

"మీరు చెప్పకండి," అన్నాడు కుర్ర డాక్టరు, కళ్లజోడు తీసి. "ఆయన్ని చెప్పనివ్వండి."

అతను చెప్పలేదు.

డాక్టరు ఆమె వైపు తిరిగాడు. "ఎన్నాళ్లనుంచమ్మా?"

"తల గుద్దుకున్నప్పట్నుంచి," అంది. "నేను చదువుకున్నదాన్ని కాదు డాక్టరుగారూ. తలలో ఏమైందో నాకు తెలీదు. నాకు భయమేస్తోంది, అంతే."

అధ్యక్షుడు కలానికి మూత పెట్టాడు. "ముందు తలకి పరీక్షలు. ఈ సీజను మాట ఇక లేదు," అన్నాడు, ఎవరి మొహమూ చూడకుండా. కోచ్ గెలిచినట్టు కనబడలేదు. బోర్డు దగ్గరికెళ్లి, తొమ్మిదో బిళ్ల తీసి, పెట్టెలో వెయ్యబోయి, కాసేపు చేతిలోనే పట్టుకున్నాడు.

మెట్ల దగ్గర బావగారు ఒక్కటే అన్నాడు. "నీ చేత్తోనే కూల్చావమ్మా." అని వేరే కారెక్కి వెళ్లిపోయాడు.

టాక్సీలో పాప తండ్రి ఒళ్లో నిద్రపోయింది. అతను తిట్టినా పడాలని ఆమె గుండె చిక్కబట్టుకుని కూర్చుంది.

"అందించలేదేం?" అన్నాడు సగం దారిలో.

ఆమె ఉలిక్కిపడింది. "మీకు తెలుసా?"

"మా అమ్మ మంచినీళ్లిమ్మంటేనే చెమటలు పట్టేవి నీకు. అలాంటిదానివి వీధి చివర్న ఉన్నవాణ్ణి కేకేసి పిలుస్తుంటే తెలీదా?" నవ్వబోయాడు, కుదర్లేదు. "తెలుసు. నువ్వున్నావు కదా అని ధైర్యం."

అప్పుడు చెప్పింది టబ్బు సంగతి. కుళాయి, గడ్డం దాకా నీళ్లు, రబ్బరు బాతు. నీ దగ్గరే కదా అని అతనన్న మాట. అతను అంతా విని, పాపని రెండు చేతులా మెల్లగా ఎత్తి ఆమె ఒళ్లో పెట్టి, కిటికీ పక్కకి జరిగి కూర్చున్నాడు. బావగారి మాటకంటే ఆ జరగడం ఆమెని ఎక్కువ భయపెట్టింది.

ఇంటికొచ్చాక పాప ఒంటినిండా బిస్కెట్టు జిగురు. ఆమె టబ్బులో నీళ్లు పెట్టింది. అతను గుమ్మం అవతలే నిలబడ్డాడు, గడప దాటకుండా.

"రండి, స్నానం చేయించండి," అంది.

"నేనొద్దు."

"నేను ఎక్కడికీ వెళ్లను." ఖాళీ బకెట్టు బోర్లించి టబ్బు పక్కనే కూర్చుంది. "ఇదిగో, నా కుర్చీ."

అతను చాలాసేపటికి లోపలికొచ్చాడు. మోకాళ్ల మీద కూర్చుని పాపని నీళ్లలోకి దింపాడు, ఎప్పుడైనా పగిలిపోయే వస్తువుని దింపినట్టు. పాప బాతుని చూసి నీళ్లు చరిచింది. అతని చొక్కా తడిసింది.

"దీని పేరు..." అన్నాడు. ఆగిపోయాడు. ఆమె వైపు తిరిగాడు.

ఇక్కడ బల్ల లేదు, కలం లేదు. ఆమె వంగి అతని చెవిలో చెప్పింది. అతను ఆ పేరుతో పాపని పిలిచాడు, మళ్లీ పిలిచాడు, పాప పకపకా నవ్వేదాకా పిలుస్తూనే ఉన్నాడు.

ఆమె కూడా నవ్వింది. చెయ్యి మాత్రం కుళాయి మీదనుంచి తియ్యలేదు.