కృపారావు మాస్టారి పన్నెండు తీగలు

కుట్టుమిషను కొనుక్కొస్తానని తెనాలి వెళ్ళిన కృపారావు మాస్టారు సాయంత్రం రేపల్లె రైలు దిగి, చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఒక గిటారును ఎత్తుకుని ఇంటికొచ్చాడు. గుమ్మంలో నిలబడ్డ భార్య రూతు ఆయన వెనక రిక్షా ఏమైనా వస్తోందా అని వీధిలోకి చూసింది.

"మిషనేదండీ?"

"మిషను ఎప్పుడైనా దొరుకుద్ది. ఇది దొరకదు. తీగలు లెక్కపెట్టు."

ఆమె లెక్కపెట్టలేదు. ఆయనే లెక్కపెట్టి పన్నెండని చెప్పాడు. మామూలు గిటారుకు ఆరే ఉంటాయట, దీనికి ఒక్కో తీగకూ పక్కన ఒక తోడు. తల దగ్గర చెక్కలో రెండు పొడుగాటి సందులు కోసి, వాటిలో అడ్డంగా చిన్న కడ్డీలు బిగించారు. తీగలన్నీ ఆ కడ్డీలకే చుట్టుకుని ఉన్నాయి. తెనాలిలో నాటకాల సామాను అమ్మే జగన్నాథరావు కొట్లో, కిరీటాలకూ గదలకూ మధ్య వేలాడుతూ కనిపించిందట. చూశాక కాళ్ళు కదల్లేదట. కాళ్ళు కదలకపోతే మిషను ఎలా వస్తుంది?

అంతవరకే అయితే రూతు రెండు రోజులు మూతి ముడుచుకుని సరిపెట్టుకునేది. మొగుడి సరదాలు ఆమెకు కొత్త కాదు. కానీ ఆ ఆదివారం ఆరాధన అవగానే ఆయన పాస్టరు గారి దగ్గరికి వెళ్ళి, "క్రిస్మసు ఉదయం నేను వాయిస్తానండి, మా రూతు పాడుద్దండి" అని మాట ఇచ్చేశాడు. ఆ వాయించడం కూడా గుంటూరులో ట్రైనింగు చదివే రోజుల్లో హాస్టలు స్నేహితుడి దగ్గర నేర్చుకున్న నాలుగు ముక్కలే. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

ఆ మాట విని రూతు హడలిపోయింది. ఎందుకంటే ఆమె పాడదు. చిన్నప్పుడు బాపట్లలో పాటలు నేర్పే టీచరమ్మ ఒకావిడ అందరి ముందూ, "నీది మగరాయుడి గొంతు. వరస చెడగొట్టకుండా ఊరికే పెదాలు ఆడించు" అంది. అప్పట్నుంచీ ఆడిస్తూనే ఉంది. రేపల్లె కాపురానికొచ్చాక ఆ అలవాటు ఇంకా గట్టిపడింది. ఇక్కడ చర్చిలో హార్మోనియం వాయించే పున్నారావు అసలు నాటకాల మనిషి, పిలిస్తే ఏ మతానికైనా వాయిస్తాడు. స్టేజీ మీద పద్యాలకు పట్టిన శ్రుతి తప్ప ఇంకో శ్రుతిలో ఆయన వేళ్ళు నడవవు. సంఘమంతా ఆ శ్రుతికి ఎగబాకాల్సిందే. రూతు గొంతు అక్కడికి నిచ్చెన వేసినా అందదు.

ఇన్నేళ్ళ కాపురంలో మొగుడికి తెలియలేదా అంటారేమో. చర్చిలో మగవాళ్ళు కుడివైపు, ఆడవాళ్ళు ఎడమవైపు. కృపారావు అటు నుంచి చూస్తే పెళ్ళాం పెదాలు భక్తిగా కదులుతుంటాయి. అన్ని గొంతుల్లో బాగున్న గొంతు తన పెళ్ళానిదేనని ఆయన ఎప్పుడో నిర్ణయించేసుకున్నాడు. ఇంట్లో పాడమంటే, "పనిలో పాటలేంటండీ" అని ఆమె తప్పించుకునేది. ఇప్పుడు నిజం చెబితే, ఇన్నాళ్ళూ దేవుడి ముందూ మొగుడి ముందూ నటించానని ఒప్పుకున్నట్టే. తేలు కుట్టిన దొంగలా ఊరుకుంది.

మాస్టారు మాత్రం గాల్లో తేలుతున్నాడు. పున్నారావును ఇంటికి పిలిచి, హార్మోనియం పెట్టించి, ఆ శ్రుతికి గిటారు తీగలు బిగించడం మొదలుపెట్టాడు.

"ఇంకొంచెం లాగండి మాస్టారూ, ఇంకా అందలేదు" అన్నాడు పున్నారావు.

లాగాడు. ఒక్కసారి పెద్ద చప్పుడైంది. గిటారు పొట్ట మీద తీగలు పట్టి ఉంచే చెక్కపట్టీ ఊడి పైకి లేచింది. రెండు తీగలు తెగాయి. పున్నారావు హార్మోనియం మూసేసి, "ఇది మన వాయిద్యం కాదులెండి" అని వెళ్ళిపోయాడు.

వంటింట్లో రూతు కళ్ళు మూసుకుని దేవుడికి స్తోత్రం చెప్పుకుంది. సిగ్గులేకుండా చెప్పుకుంది. కానీ అన్నం వడ్డించి పిలిస్తే మాస్టారు రాలేదు. మర్నాడూ సరిగ్గా తినలేదు. బళ్ళో పిల్లల్ని కసరడం కూడా మానేశాడట. గిటారును దుప్పట్లో చుట్టి బీరువా పైన పెట్టి, అటువైపు చూడకుండా తిరిగేవాడు. నవ్వించడం తప్ప ఇంకేమీ తెలియని మనిషి అలా కూర్చుంటే రూతుకు ఇల్లు ఇల్లులా అనిపించలేదు. అది విరిగి ఉన్నంతకాలం తను క్షేమం. బాగుపడితే క్రిస్మసు రోజున తన పరువు గంగలో కలుస్తుంది. అంతా తెలిసి కూడా శనివారం పొద్దున్నే బీరువా మీది ఆ దుప్పటి మూటతో బాపట్ల అక్కగారింటికని బయలుదేరింది. ఈ మొగుళ్ళ మీద ప్రేమ ఉందే, అది ఆడదాని చేత చేయించని తెలివితక్కువ పని లేదు.

బాపట్లలో వీణలు బాగుచేసే బసవేశ్వరరావు ఇలాంటిది ఎప్పుడూ చూడలేదన్నాడు. అయినా చెక్కపట్టీ అంటించి, బరువు పెట్టి, ఆరాక రమ్మన్నాడు. ఆమె అక్కగారింట్లో ఉండి మళ్ళీ వెళ్ళేసరికి ఆయన కొత్త తీగలు వేయలేక తిట్టుకుంటున్నాడు. తల దగ్గరి సందుల్లో ఆయన వేళ్ళు పట్టడం లేదు. రూతు సంచిలోంచి లేసు అల్లే కొక్కెం సూది తీసి, తీగ కొస సందులోంచి లాగి కడ్డీకి చుట్టింది.

"ఇక నువ్వే చేసుకో తల్లీ" అని ఆయన నవ్వి, తీగలు మీటి తగుమాత్రం బిగించాడు. "ఇదిగో, దీని ఒంటికి ఇదే శ్రుతి. ఇంకొక్క మెట్టు పెంచితే మళ్ళీ ఊడుద్ది, నా పూచీ లేదు. రైల్లో మాత్రం వదులుగా ఉండాలి. ఇంటికెళ్ళి మళ్ళీ ఇంతే బిగించుకో."

"ఇంతే అని నాకెట్టా తెలుసుద్ది బాబాయిగారూ?"

"నోట్లో పట్టుకుని వెళ్ళమ్మా."

అలా రూతు బాపట్ల నుంచి ఆ శ్రుతిని నోట్లో పట్టుకుని బయలుదేరింది. 'మ్' అంటూ కూర్చుంది. ఆగితే పోతుందని భయం. తెనాలిలో రైలు మారాక ఎదురుగా చేపల గంపతో కూర్చున్న రత్తాలు అనే ఆవిడ జాలిపడింది.

"పన్ను నొప్పా అక్కా? లవంగం పెట్టుకో, లాగేసుద్ది."

రూతు నవ్వబోయి, శ్రుతి పోతుందని ఆపుకుంది. అప్పుడు గమనించింది. తన గొంతు నొప్పి పెట్టడం లేదు. ఎక్కడికీ ఎగబాకడం లేదు. వాకిట్లో పీట వేసుకుని కూర్చున్నంత సుఖంగా ఉంది. రైలు చప్పుడులో ఎవరికీ వినపడదన్న ధైర్యంతో నోరు కాస్త తెరిచింది. కీర్తన మొదటి చరణం వచ్చింది, రెండోదీ వచ్చింది. తనకు ఇన్ని చరణాలు కంఠతా వచ్చని ఆమెకే తెలియదు.

ఇంట్లో గిటారు ఒళ్ళో పెట్టుకుని ఒక్కో జంట తీగనూ గొంతుతో సరిచూస్తూ బిగిస్తుంటే, మాస్టారు బడి నుంచి వచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఎవరు పాడేది?"

"నేనేనండీ."

"నీ గొంతు ఇది కాదుగా!"

ఇక దాచలేక అంతా చెప్పేసింది. టీచరమ్మ అన్న మాటా, పెదాలూ, అన్నీ. చెబుతూ ఏడ్చింది. మాస్టారు వచ్చి పక్కన కూలబడి, గిటారు తీగ ఒకటి మీటాడు.

"అయితే ఇన్నేళ్ళూ నేను మురిసిపోయింది ఎవరి గొంతు విని?" అన్నాడు చివరికి.

"ఎవరిదో మీరే కనుక్కోండి" అంది రూతు, ఏడుస్తూనే నవ్వి.

క్రిస్మసు ఉదయం పున్నారావు ఆ శ్రుతిలో కాసేపు వేళ్ళు వెతికి, దొరక్క హార్మోనియం మీద చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ఇక గిటారు ఒక్కటే. పన్నెండు తీగలు ఒక్కసారి మోగేసరికి చర్చి అంతా అటు తిరిగింది. రూతు లేచి నిలబడింది. నోరు తెరిచింది. మొదటి చరణం ఒంటరిగానే పాడింది. ఎవరూ నవ్వలేదు. ఎవరూ కలవలేదు కూడా, ఆ శ్రుతి వాళ్ళకు కొత్త.

రెండో చరణంలో ఆడవాళ్ళ వైపు నుంచి ఇంకో గొంతు లేచింది. నేల మీద నడిచేలాంటి బరువైన గొంతు. రూతు పాడుతూనే తల తిప్పి చూసింది. అన్నమ్మ! ప్రతి ఆదివారం తన పక్కనే, అదే చాప మీద కూర్చునే అన్నమ్మ. ఆవిడ గొంతు రూతు ఏనాడూ వినలేదు. వినలేదన్న సంగతి కూడా ఈ రోజే తెలిసింది. అన్నమ్మ కళ్ళు మూసుకుని పాడుతోంది, చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి. వెనక వరసలో ఇంకొకరు అందుకున్నారు. గోడ దగ్గర ఇంకొకరు.

ఎంతమందిమి, దేవుడా, అనుకుంది రూతు. ఆ ఆలోచనలో తర్వాతి మాట మరిచిపోయింది. ఆమె ఆగినా పాట ఆగలేదు.